పసిఫిక్ తీరం వెంట, పిల్లల ఇళ్ళ మధ్య: పదవీ విరమణ చేసిన దంపతులకు ఏ బండి తగినది?

కొడుకు దక్షిణ కాలిఫోర్నియాలో ఇర్వైన్ దగ్గర, కూతురు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో, అన్నగారి అబ్బాయి ఆరెగాన్‌లోని హిల్స్‌బరోలో. అమెరికా పడమటి తీరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇలాంటి అమరిక ఇప్పుడు సర్వసాధారణం. పదవీ విరమణ చేసి పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు ఈ ఇళ్ళ మధ్య విమానాలలో తిరుగుతూ, వాటిని కలిపే పదకొండు వందల మైళ్ళకు పైబడిన సముద్రతీరాన్ని చూడకుండానే ఉండిపోతారు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఒక పక్క కొండ, మరొక పక్క సముద్రం చూస్తూ ప్రయాణించినవారికి, అలాంటి దారి రోజుల తరబడి సాగితే ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దారిని ఆర్వీలో, అంటే పడక, పొయ్యి, స్నానపు గది ఉన్న బండిలో, ఇష్టమైన చోట ఆగుతూ చూడాలని అనుకునే దంపతులు మొదట అడిగే ప్రశ్న ఏ బండి తీసుకోవాలన్నది.

మేమిద్దరం ఈ ప్రయాణం రెండుసార్లు చేశాము. ఒకసారి అద్దె మోటర్‌హోమ్‌లో, అంటే తన ఇంజనుతో తానే నడిచే ఆర్వీలో వెళ్ళాము, మరొకసారి కారులో వెళ్ళి రాత్రిళ్ళు బసలలో దిగాము. బండిని చాలామంది పగటి సుఖాన్ని, అంటే పెద్ద అద్దాలను, విశాలమైన సోఫాలను చూసి ఎంచుకుంటారు. అరవై దాటిన దంపతులు దాన్ని రాత్రి సౌకర్యాన్ని బట్టి, పిల్లల ఇంటి ముందు ఉన్న చోటును బట్టి ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. నడిరాత్రి లేచి స్నానపు గదికి వెళ్ళడానికి ఎన్ని అడుగులు వేయాలి, ఎన్ని మెట్లు దిగాలి, పక్కవారిని లేపకుండా మంచం దిగడం కుదురుతుందా అన్నవే అసలు ప్రశ్నలు.

పిల్లల ఇంటి దగ్గర బండి ఎక్కడ పెడతారు?

మొదటిసారి మేము ముప్పై అడుగుల మోటర్‌హోమ్ తీసుకున్నాము. అద్దెకిచ్చిన సంస్థవారు పొడవు ఎంత ఉంటే అంత సౌకర్యమని చెప్పారు, మేము నమ్మాము. తీరా కూతురి వీధికి వచ్చాక, ఆ కాలనీ నివాసుల సంఘం నియమాల ప్రకారం ఆర్వీని ఇంటి ముందు రాత్రిపూట నిలపకూడదని తెలిసింది. ఇంటి వాకిలి దారి ఇరవై అడుగులకు మించి లేదు. నాలుగు రాత్రులకు బండిని ఊరి చివర బండ్లు నిలిపే ఆవరణలో డబ్బు కట్టి పెట్టి, సామాను మోసుకుని ఇంటికి వెళ్ళాము. ఈ పొరపాటు ఇంకెవరికీ జరగకూడదనే దీన్ని ముందుగా చెబుతున్నాను.

కాలిఫోర్నియాలోని చాలా ఊళ్ళలో ఏ బండినైనా వీధిలో ఒకే చోట 72 గంటలకు మించి కదలకుండా ఉంచితే తీసుకుపోయే అధికారం స్థానిక అధికారులకు ఉంటుంది. కొన్ని ఊళ్ళు పెద్ద బండ్లను రాత్రిపూట వీధుల్లో అసలే అనుమతించవు. అందుచేత బండి ఖాయం చేసుకునే ముందు పిల్లలను మూడు విషయాలు అడగాలి. వాకిలి దారి పొడవెంత, వాలు ఎంత, కాలనీ సంఘం ఏమంటుంది? వాకిలి వాలుగా ఉంటే బండి సమతలంగా నిలవదు, మంచం మీద తల దిగువకు వస్తుంది, ఫ్రిజ్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. చోటు దొరికితే మాత్రం ఇంతకంటే హాయి లేదు. ఇంటి గోడకు ఉండే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు చిన్న అడాప్టరుతో తీగ కలిపితే దీపాలకు, ఫ్రిజ్‌కు, బ్యాటరీ ఛార్జింగుకు సరిపోతుంది, ఏసీకి మాత్రం చాలదు. మనవలు పొద్దున్నే లేచి బండి తలుపు తట్టి లోపలికి వచ్చే ఆ రోజుల కోసమే మేము ఈ ప్రయాణం తలపెట్టాము.

మోటర్‌హోమ్‌కు ఒక లోపముందని అందరూ చెబుతారు. చిన్న పనికి, పాల ప్యాకెట్ కోసం బజారుకు వెళ్ళాలన్నా మొత్తం ఇల్లు కదలాలని వారి మాట. వింతలు మాత్రమే చూడబోయేవారి విషయంలో అది నిజమే. బంధువుల ఇళ్ళ మధ్య ప్రయాణించేవారికి ఆ లోపం అంతగా తెలియదు, ఎందుకంటే ఆగిన ప్రతి ఊళ్ళోనూ పిల్లల కారు సిద్ధంగా ఉంటుంది. ఈ కారణంగానే, కారు వెనుక లాగే ఇల్లయిన ట్రైలర్ వైపు మొగ్గు చూపేవారు మరొకసారి ఆలోచించుకోవాలని అంటాను.

బండ్ల రకాలు, రాత్రి దృష్టితో

అమెరికాలో మోటర్‌హోమ్‌లను మూడు తరగతులుగా చెబుతారు. క్లాస్ ఎ అంటే బస్సంత బండి. కొన్ని నలభై అయిదు అడుగుల దాకా ఉంటాయి. కాలిఫోర్నియాలో నలభై అడుగుల లోపు మోటర్‌హోమ్‌ను మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు గాని, చట్టం అనుమతించడం వేరు, తీరప్రాంతపు మలుపుల్లో చేయి తిరగడం వేరు. ఏడాదంతా బండిలోనే కాపురం ఉండదలచినవారికి అది తగును. మూడు నాలుగు వారాల ప్రయాణానికి వద్దు.

క్లాస్ బి అంటే పెద్ద వ్యాను. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు అడుగులు ఉంటుంది. నడపడం సులువు, ఇంధనం తక్కువ, ఏ వాకిలిలోనైనా పడుతుంది, ఏ దృశ్యం దగ్గరైనా మామూలు కారు చోటులో ఆగుతుంది. యాభై ఏళ్ళ వారడిగితే ఇదే తీసుకోమంటాను. పెద్దవారి విషయంలో నాకు సందేహం కలిగించేది దాని స్నానపు గది. ఎక్కువ వ్యాన్లలో మరుగుదొడ్డి, స్నానం ఒకే అల్మరా అంత చోటులో ఉంటాయి. ఒకరు స్నానం చేశాక నేల తడిసి ఉంటుంది. నడిరాత్రి ఆ తడి నేల మీద కాలు పెట్టడం మోకాళ్ళ నొప్పులున్నవారికి, ఒకసారి తుంటి ఎముక విరిగినవారికి ప్రమాదమే. పైగా చాలా వ్యాన్లలో మంచాన్ని రోజూ సాయంత్రం పరచాలి, పొద్దున మడవాలి. మొదటి మూడు రోజులు సరదాగా ఉండే ఆ పని పదో రోజుకు నడుముకు తెలుస్తుంది.

క్లాస్ సి అంటే డ్రైవరు సీటు పైకి ముక్కులాగా పొడుచుకు వచ్చిన గది ఉండే బండి. అద్దెకు ఎక్కువగా దొరికేవి ఇవే. ఇరవై అడుగుల లోపు చిన్నవి మొదలుకొని ముప్పై అడుగుల పెద్దవాటి దాకా ఉంటాయి. డ్రైవరు సీటు పైన ఉండే మంచానికి నిచ్చెన ఎక్కాలి కనుక పెద్దలు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది మనవలకు. వెనుక భాగంలో ఉండే మంచం ఎలా అమర్చారో చూడాలి. మూలకు గోడనానుకుని ఉన్న మంచమైతే లోపలి వైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే రెండోవారిని దాటి రావాలి. రెండు వైపులా దిగగలిగే మంచమో, విడివిడిగా రెండు మంచాలో ఉన్న నమూనా అడిగి తీసుకుంటే నిద్ర బాగుంటుంది. మా వంటి దంపతులకు ఇరవై నాలుగు, ఇరవై అయిదు అడుగుల క్లాస్ సి సరైనదని నా నిర్ణయం. అది వాకిలిలో పట్టకపోయినా, కాలనీ అనుమతిస్తే ఇంటి ముందు వీధిలో కొద్ది రోజులు నిలుస్తుంది. స్నానానికీ మరుగుదొడ్డికీ వేరు చోట్లున్న నమూనాలు ఈ పరిమాణంలో దొరుకుతాయి.

ఇక ట్రైలర్. కారు వెనుక తగిలించుకుని లాగే ఈ ఇంటిని క్యాంపులో విడిచిపెట్టి కారులో హాయిగా తిరగవచ్చు. సొంతంగా పెద్ద పికప్ ట్రక్కు ఉన్నవారికి, వెనక్కి నడపడంలో నేర్పు ఉన్నవారికి అది బాగుంటుంది. కాలిఫోర్నియాలో ఏదైనా లాగుతున్న బండి గంటకు 55 మైళ్ళు దాటకూడదు. కాలిఫోర్నియా తీరంలోని కొండల ప్రాంతమైన బిగ్ సర్‌లో ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్కులో మోటర్‌హోమ్‌కు 32 అడుగుల దాకా చోటు ఇస్తారు, ట్రైలర్‌కు 27 అడుగులే. అన్నిటికంటే, వర్షంలో చీకట్లో దిగి కొక్కేలు విప్పడం, బిగించడం ఎవరు చేస్తారన్నది ఇద్దరూ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాలి.

నీళ్ళు, కరెంటు, పోపు

ఆర్వీ జీవితం తెలియనివారికి ముందుగా చెప్పవలసింది హుకప్ గురించి. క్యాంపులో బండి నిలిపే చోట కరెంటు, మంచినీరు, మురుగు గొట్టం అనే మూడింటిలో ఎన్ని ఉన్నాయన్నదే ఆ మాటకు అర్థం. ఇక్కడ కాలిఫోర్నియాకూ ఆరెగాన్‌కూ పెద్ద తేడా ఉంది. కాలిఫోర్నియా తీరంలోని స్టేట్ పార్కులలో చాలా చోట్ల హుకప్‌లు లేవు. ఆరెగాన్ తీరంలోని పెద్ద స్టేట్ పార్కులలో, బీవర్లీ బీచ్, సౌత్ బీచ్, హనీమన్, ఫోర్ట్ స్టీవెన్స్ వంటి చోట్ల, కరెంటూ నీళ్ళూ ఉన్న చోట్లు సమృద్ధిగా దొరుకుతాయి.

రాత్రి నిద్రలో శ్వాస కోసం సీప్యాప్ యంత్రం వాడేవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. కాలిఫోర్నియా స్టేట్ పార్కులలో జనరేటరును పొద్దున 10 నుంచి రాత్రి 8 వరకే నడపనిస్తారు. హుకప్ లేని చోట ఆ యంత్రం రాత్రంతా బండి బ్యాటరీ మీదే నడవాలి. దానికి తగిన ఇన్వర్టరు ఉందో లేదో బండి తీసుకునే రోజునే, నడిపి చూసి తెలుసుకోవాలి. లేదంటే కాలిఫోర్నియా భాగంలో హుకప్ ఉన్న ప్రైవేటు క్యాంపులలోనే దిగాలి.

సాధారణ క్లాస్ సి బండి 30 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. రైస్ కుక్కరు, మైక్రోవేవ్, ఏసీ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. తీరంలో ఏసీ అవసరం దాదాపుగా రాదు, రాత్రిళ్ళు హీటరే కావాలి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదు కనుక పచ్చళ్ళు, పొడులు ఇంటి దగ్గరే చేసి తెచ్చుకోవడం మేలు. మిరపకాయల పోపు వేసేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి కిటికీ తీయకపోతే పొగ అలారం మోగుతుంది, అంత చిన్న గదిలో ఆ ఘాటు పడుకునే దాకా పోదు. మేము పోపును బయట బల్ల మీద చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని వేసేవాళ్ళం. సముద్రపు గాలిలో ఇంగువ వాసన ఎంత బాగుంటుందో నా భార్య ఇప్పటికీ చెబుతుంది.

వేడినీళ్ళ ట్యాంకు చాలా బండ్లలో ఆరు గ్యాలన్లు, అంటే దాదాపు 23 లీటర్లు. బకెట్టు స్నానం అలవాటున్న మనకు అది ఒకరికి ధారాళంగా సరిపోతుంది, రెండోవారు నీళ్ళు మళ్ళీ కాగే దాకా కొంతసేపు ఆగాలి. మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని మూడు నాలుగు రోజులకొకసారి ఉంటుంది. చేతులకు తొడుగులు, బిగుతైన గొట్టం, ముందు మరుగుదొడ్డి నీరు, తరువాత స్నానపు నీరు అనే క్రమం పాటిస్తే అది పది నిమిషాల పని. దీన్ని భరించలేమనుకునేవారు మోటర్‌హోమ్ తీసుకోకూడదు. అందులో తప్పేమీ లేదు.

దారి, దిశ, కాలం

ఈ ప్రయాణాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి చేయడమే మంచిది. అమెరికాలో బండి కుడి పక్కన నడుస్తుంది కనుక దక్షిణానికి వచ్చేటప్పుడు సముద్రం మన వైపే ఉంటుంది. ఎదురు వరుసను దాటకుండా దృశ్యం దగ్గర ఆగవచ్చు, తిరిగి రోడ్డెక్కవచ్చు. వేసవిలో వాయవ్య గాలి బలంగా వీస్తుంది, దక్షిణానికి వచ్చేటప్పుడు అది వెనుక నుంచి తోడుగా ఉంటుంది. పిల్లల్లో ఒకరు దక్షిణాన ఉంటే, ఐదో నంబరు ఇంటర్‌స్టేట్ మీద రెండు మూడు రోజుల్లో పైకి వెళ్ళిపోయి, తీరం వెంట మూడు వారాలు నెమ్మదిగా దిగిరావచ్చు. ఒక ఊళ్ళో తీసుకుని మరొక ఊళ్ళో అప్పగించే సదుపాయం కూడా ఉంటుంది గాని దానికి అదనపు రుసుము వేస్తారు.

తీరం మొత్తాన్నీ ఆర్వీలో తాకాలని పట్టుపట్టవద్దు. కాలిఫోర్నియా ఒకటో నంబరు రహదారి ఫోర్ట్ బ్రాగ్ దాటాక అడవిలోకి తిరిగి లెగెట్ దగ్గర 101 నంబరు రహదారిలో కలిసే భాగం ఇరుకైన మలుపులతో నిండి ఉంటుంది, పెద్ద బండి నడిపే వారికి అది శిక్షే. లెగెట్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన దాకా 101 మీదే రావడం మేలు. దానికి ముందు అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ అనే 31 మైళ్ళ పాత దారి 101 పక్కనే ఎర్రచందనపు రంగు మానుల మధ్య నుంచి వెళుతుంది, అక్కడ ఆర్వీ సులువుగా నడుస్తుంది. తీరపు రెడ్‌వుడ్ చెట్లలో అన్నిటికంటే ఎత్తయినది 380 అడుగుల దాకా ఉంటుంది. మెడ నొప్పి ఉన్నవారు అక్కడ కుర్చీ వేసుకుని వెనక్కి వాలి చూడాలి.

దక్షిణాన బిగ్ సర్ రోడ్డు ఎంత అందమైనదో అంత చంచలమైనది. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ విరిగిపడి మూతపడిన దారి 2018 జూలైలో గాని తెరవలేదు, తరువాత కూడా అక్కడ కొండచరియలు పడుతూనే ఉన్నాయి. బయలుదేరే ముందు కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ ఇచ్చే రోడ్డు సమాచారం చూసుకోవాలి. రెండు వరుసల రోడ్డు మీద వెనుక అయిదు బండ్లు చేరితే పక్క చోటులోకి తప్పుకుని దారి ఇవ్వాలన్నది కాలిఫోర్నియా చట్టం. దాన్ని సిగ్గుగా భావించకుండా పాటిస్తే ప్రయాణం ప్రశాంతంగా ఉంటుంది. తీరం వెంట రోజుకు 120 మైళ్ళు దాటకూడదని మేము పెట్టుకున్న నియమం మమ్మల్ని కాపాడింది.

కాలం విషయంలో సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా ఉత్తమం. జూన్, జూలైలలో కాలిఫోర్నియా తీరం చాలా రోజులు పొగమంచు పొరలోనే ఉంటుంది. నవంబరు నుంచి ఆరెగాన్‌లో వానలు. సెప్టెంబరులో అడవి మంటల పొగ ఉండవచ్చు కనుక వార్తలు గమనించాలి. దసరాకు ఏదో ఒక పిల్లల ఇంట్లో ఉండేట్టు తేదీలు కుదుర్చుకుంటే ప్రయాణానికి ఒక గమ్యం ఏర్పడుతుంది. లాస్ ఏంజిలిస్ దగ్గర కాలబసాస్‌లోని మాలిబు హిందూ ఆలయంలో వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని మేము మా యాత్ర ముగించాము.

ఖర్చు

తీరం మీద 1,200 మైళ్ళు లెక్కించుకుని, గ్యాలను 5 డాలర్లు అనుకుందాం. గ్యాలనుకు పది మైళ్ళిచ్చే క్లాస్ సి బండికి 600 డాలర్లు, పదహారు ఇచ్చే వ్యానుకు 375, ముప్పై ఇచ్చే కారుకు 200. తేడా ఉంది గాని నిర్ణయాన్ని మార్చేంత కాదు. అసలు ఖర్చు రోజు అద్దె, మైళ్ళ రుసుము, బీమా, జనరేటరు గంటల రుసుము, క్యాంపు అద్దె. వీటన్నిటినీ కలిపి కాగితం మీద రాసి, అంతే రోజులకు కారు, బసల ఖర్చుతో పోల్చి చూడండి. అద్దె ఆర్వీ చౌక అన్నది అపోహ. దాన్ని డబ్బు ఆదా కోసం ఎంచుకోకూడదు.

అరవై రెండేళ్ళు నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి జాతీయ పార్కుల సీనియర్ పాస్ 80 డాలర్లకు జీవితకాలానికి దొరుకుతుంది, ఏడాదికైతే 20. పర్యాటక వీసా మీద వచ్చినవారికి ఇది వర్తించదు. కేంద్ర ప్రభుత్వపు ఫారెస్ట్ సర్వీసు క్యాంపులలో చాలా చోట్ల ఈ పాస్‌తో అద్దె సగమవుతుంది. ఆరెగాన్‌లో సయూస్లా జాతీయ అరణ్యంలోని టిలికమ్ బీచ్ అలాంటి చోటు. స్టేట్ పార్కులలో ఆ తగ్గింపు రాదు. అక్కడి చోట్లను ఆరు నెలల ముందు నుంచే ఇస్తారు, వేసవి వారాంతాలు వెంటనే నిండిపోతాయి. ఈ పని పిల్లలకు అప్పగించండి.

ఆర్వీ లేకుండా

కారులో వెళ్ళి బసలలో దిగడం ఓటమి కాదు. రెండోసారి మేము అలా వెళ్ళాము. హిసెటా హెడ్ దీపస్తంభం, డిపో బే దగ్గర ఒడ్డుకు అతి సమీపంలో ఈదే బూడిద రంగు తిమింగలాలు, కానన్ బీచ్‌లో 235 అడుగుల హేస్టాక్ శిల, అన్నిటినీ మరింత తీరికగా చూశాము. ఆరెగాన్ తీరంలోని ఇసుక బీచ్‌లలో 1967 చట్టం ప్రకారం ప్రజలందరూ స్వేచ్ఛగా నడవవచ్చు. ఆ రాష్ట్రపు పార్కులలో యర్ట్ అనే గుండ్రటి గుడారపు ఇళ్ళు ఉంటాయి. కరెంటు, హీటరు, మంచాలు ఉంటాయి, పక్క బట్టలు మనమే తెచ్చుకోవాలి. చాలావాటికి స్నానపు గది మాత్రం బయట నడిచి వెళ్ళవలసిన చోట ఉంటుంది, కనుక రాత్రి ప్రశ్న ఇక్కడ మళ్ళీ వస్తుంది. మేము యర్ట్‌లో ఒక రాత్రి ఉండి, మిగతా రాత్రులు మోటెల్‌లకు మారిపోయాము. ఈ పద్ధతిలో పోయేది సొంత వంట, సొంత పడక. మధుమేహం ఉండి భోజన సమయాలు కచ్చితంగా పాటించేవారికి ఇది చిన్న నష్టం కాదు.

బండి నడపడం ఇద్దరికీ ఇష్టం లేకపోతే అమెరికా ప్రయాణికుల రైళ్ళ సంస్థ ఆమ్‌ట్రాక్ వారి కోస్ట్ స్టార్‌లైట్ రైలు ఉంది. లాస్ ఏంజిలిస్ నుంచి పొద్దున బయలుదేరి, శాంటా బార్బరా మీదుగా సముద్రపు అంచునే సాగి, రాత్రికి శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా దాటి, మరునాడు పోర్ట్‌లాండ్, ఆ రాత్రికి సియాటిల్ చేరుతుంది. 65 ఏళ్ళు దాటినవారికి టికెట్టులో పది శాతం తగ్గింపు ఉంటుంది. శాన్ లూయిస్ ఒబిస్పో తరువాత అది లోపలి దారి పడుతుంది కనుక ఆరెగాన్ తీరం దాని నుంచి కనిపించదు.

ఇద్దరిలో ఒకరికైనా పెద్ద బండి నడిపే ధైర్యం ఉండి, మూడు వారాలకు తక్కువ కాకుండా సమయం ఉండి, కనీసం రెండు ఇళ్ళ దగ్గర బండి నిలిపే చోటు ఉంటే ఇరవై అయిదు అడుగుల లోపు క్లాస్ సి అద్దెకు తీసుకోండి. మోకాళ్ళు గట్టిగా ఉండి, ఏ ఇంటి దగ్గరా చోటు లేకపోతే వ్యాను. ఒక్కరే నడపగలిగి, వారి చూపు రాత్రిపూట మందగిస్తుంటే కారూ మోటెలూ. ఏడాదిలో మూడు నెలలకు తక్కువ తిరిగేవారు కొనే ఆలోచన పెట్టుకోవద్దు. ఏది తీసుకున్నా పెద్ద ప్రయాణానికి నెల ముందు ఇంటికి గంట దూరంలోని క్యాంపులో రెండు రాత్రులు అదే రకం బండిలో గడపండి. మా కూతురి బలవంతం మీద హాఫ్ మూన్ బేలో అలా గడిపిన రెండో రాత్రే, మూలకు ఆనించిన మంచం మాకు పనికిరాదని తెలుసుకుని, మరునాడే వేరే నమూనా అడిగాము.